ఆడనివాడి మాటే ఫైనల్

"మాస్టారూ, స్కోరెంత?" అని మా ఫుట్‌బాల్ క్లబ్ గోలీ, అంటే గోల్‌కీపర్ కుర్రాడు, నన్నడిగాడు. వన్ నిల్, మనమే లీడ్ అని చెప్పాను. రెండు నిమిషాలాగి మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు కూడా నాకు చిరాకొచ్చిందే తప్ప అనుమానం రాలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

దానికి పావుగంట ముందు వాడు పక్కకి డైవ్ కొట్టి బంతిని బయటకి తోసేసి, అదే ఊపులో వెళ్ళి ఇనప పోస్టుకి తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు అవతలి గోల్ దాకా వినబడింది. అందరం పరిగెత్తాం, ఒకడు మొహం మీద నీళ్ళు కొట్టాడు, ఇంకొకడు పెయిన్ స్ప్రే తీసి నుదుటికి కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, "ఏరా, ఓకేనా?" అన్నాను, "ఓకే మాస్టారూ" అన్నాడు. పదిహేడేళ్ళ కుర్రాడు, ఫ్రెండ్సంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు, టీము గెలుస్తోంది, ఇంకేమంటాడు చెప్పండి. నేనూ సరే అనేశాను. మ్యాచ్ గెలిచాం. ఇంటికెళ్తుంటే ఎన్ఏడీ ఫ్లైఓవర్ దాటాక బండి వెనక కూర్చున్నవాడు వాంతి చేసుకున్నాడు, బండి ఆపి దింపితే "మ్యాచ్ ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు. అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికే.

స్కాన్‌లో ఏం లేదు, దేవుడి దయ. కానీ ఆ డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: స్కాన్ బాగుందంటే మెదడుకి ఏం కాలేదని కాదండీ, రక్తం కారలేదని మాత్రమే, కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం, స్కాన్‌లో కనబడదు, అది మనిషిని చూసి కనిపెట్టాలి. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం దాని లక్షణాల్లో మొదటి వరసలో ఉంటుందట. అంటే ఆ పిల్లాడు మూడుసార్లు నాకు చెప్పాడు, నేను మూడుసార్లూ స్కోరు చెప్పాను.

ఆ రోజు నేను క్లబ్ సెక్రటరీని, మేనేజర్ని, లైన్ మీద జెండా పట్టుకున్నది నేనే, సబ్‌స్టిట్యూషన్లు చూసేది నేనే, టైము చూసేదీ నేనే. అన్నిటికంటే ముఖ్యం, మ్యాచ్ గెలవాలని తపించిపోతున్నదీ నేనే. సొంత బిడ్డలాంటివాడు ఎదురుగా నిలబడి తూలుతున్నా కనబడకపోవడానికి కారణం అదే అని నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. కళ్ళు బానే ఉన్నాయి, చూపంతా స్కోరు మీదుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది ఈ ఒక్క ముక్కే. మనలాంటి చిన్న క్లబ్బులకి కావల్సింది పెద్ద ఫస్ట్ ఎయిడ్ పెట్టె కాదు, బోలెడు రూల్సూ కాదు. ఆ పూట ఆడనివాడు, ఆడించనివాడు, ఎవరు గెలిచినా పర్లేదనుకునేవాడు ఒకడు గ్రౌండు పక్కన నిలబడాలి, వాడు "వీణ్ణి బయటకి తీయండి" అంటే కోచ్ కూడా నోరెత్తకూడదు.

ఇది చెప్తే మావాళ్ళే ముందు కొట్టిపారేశారు. "ఏటి గురూ, ఫుట్‌బాలంటే దెబ్బలు మామూలే కదా, మనం ఆడలేదా ఏటి" అన్నారు. ఆడాం, నిజమే. దెబ్బ తగిలినా ఆడినవాడే మగాడు అని విని పెరిగాం, దానికి మన దగ్గర గొప్ప కథ కూడా ఉంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్, మన హైదరాబాదు రహీం సాబ్ కోచ్, జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడి ఉన్నా ఆయన్ని డిఫెన్స్ లోంచి తీసి ముందు ఫార్వర్డ్‌గా ఆడించారు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఆ కుట్లతోనే గోల్ కొట్టాడు, 2-1తో గోల్డ్ వచ్చింది. ఈ కథ నేను మా పిల్లలకి కనీసం యాభైసార్లు చెప్పుంటాను. చెప్తుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది, ఆ జట్టు మీద నాకున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ మా గోలీ ఆ రోజు "ఓకే మాస్టారూ" అన్నది నేను చెప్పిన ఆ కథ వల్లే ఏమో అనే ఆలోచన నన్ను వదలదు. తలకి దెబ్బ తగిలిన మెదడు కోలుకోకముందే ఇంకో దెబ్బ, అది చిన్నదైనా సరే, తగిలితే ప్రాణం మీదకొస్తుందని ఇప్పుడు తెలుసు, అందులోనూ కుర్రాళ్ళకి ప్రమాదం ఎక్కువ. రూల్స్ రాసే ఐఎఫ్ఏబీ వాళ్ళే 2024 నుంచి కంకషన్ అనుమానం ఉంటే మామూలు సబ్‌స్టిట్యూషన్ల లెక్కలోకి రాకుండా ఇంకొకణ్ణి దించుకోవచ్చని రూల్స్ పుస్తకంలో పెట్టారు, టోర్నమెంట్ పెట్టేవాళ్ళు ఒప్పుకోవాలి అంతే. మనూళ్ళో జరిగే టోర్నమెంట్లలో ఎందుకు ఒప్పుకోరు? ఖర్చేముంది అందులో?

ఇప్పుడు కథ చెప్తే దాని తర్వాత ఇంకో వాక్యం కలిపి చెప్తున్నాను: అది తలకాయ, మోకాలు కాదు, అనుమానమొస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, వాడు ఎంత బతిమాలినా.

ఇక గ్రౌండు సంగతి. మాకు సొంత గ్రౌండు లేదు, వైజాగ్‌లో ఎన్ని క్లబ్బులకుంది? పొద్దున్న ఆరింటికి వెళ్తే వాకింగ్ చేసేవాళ్ళు, మూడు క్రికెట్ మ్యాచ్‌లు, డ్రైవింగ్ నేర్చుకునే కారు ఒకటి, మధ్యలో మేం. కార్క్ బాల్‌తో క్రికెట్ ఆడేవాళ్ళ మిడాన్, మా పెనాల్టీ బాక్సు ఒకటే చోటు. ఇది మా చేతిలో లేదు, వాళ్ళతో మాట్లాడుకుని మేం ఆరున్నరకి మొదలెట్టి వాళ్ళు ఎనిమిదికి మొదలెట్టేలా సర్దుకున్నాం, ఒకరినొకరు తిట్టుకునే బదులు టీ తాగుతూ మాట్లాడితే పనైపోయింది.

మా చేతిలో ఉన్నది గోతులు చూసుకోవడం. గ్రౌండులో ఏ సభ జరిగినా, పెళ్ళి జరిగినా, ఎగ్జిబిషన్ పెట్టినా షామియానా వాళ్ళు గుంజలు పీకి తీసుకెళ్తారు గానీ గోతులు పూడ్చరు. ఒక్కోటి సరిగ్గా పాదం పట్టేంత ఉంటుంది, నాలుగు రోజులకి పైన గడ్డి వాలిపోయి కనబడదు. మా లెఫ్ట్ బ్యాక్ అలాంటి గోతిలోనే కాలు పెట్టాడు, మడమ దగ్గర రెండు ఎముకలు విరిగాయి, ఆర్నెల్లు డ్యూటీకి సెలవు, కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి జీతం లేదు. ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళావిడ మొహం చూడలేకపోయాను. అప్పట్నుంచి మ్యాచ్ ముందు పద్నాలుగు మందీ ఒక వరసలో చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఈ గోల్ నుంచి ఆ గోల్‌కి నడుస్తాం, తలొంచుకుని, ఏం మాట్లాడకుండా. అటు ఒకసారి, ఇటు ఒకసారి. సీసా పెంకులు, తాడు కట్టే ఇనప మేకులు, ఒకసారి విరిగిన స్టంపు. పక్కన బకెట్లో ఇసుక ఉంటుంది, గొయ్యి కనబడితే అక్కడికక్కడే నింపి కాలితో తొక్కేయడమే. ఏడు నిమిషాలు పడుతుంది, నేను లెక్కపెట్టాను.

గోల్ పోస్టులు ఇంకో భయం. పాతిపెట్టినవి పర్లేదు, అటూ ఇటూ మోసుకెళ్ళే ఇనప గోల్ చూడండి, దాని బరువంతా ముందు కమ్మీలోనే ఉంటుంది, పైన ఒక పిల్లాడు వేలాడితే చాలు ముందుకి తిరగబడుతుంది. గోల్స్, మోసుకెళ్ళేవైనా సరే, నేలకి గట్టిగా బిగించి ఉండాలని ఆట రూల్స్‌లో మొదటి రూల్లోనే రాసుంది. మేం వెనక కమ్మీ మీద ఇసుక బస్తాలు వేసి, మేకులు కొట్టి తాడుతో కడతాం, ప్రాక్టీసయ్యాక రెండు గోల్స్‌నీ ఎదురెదురుగా ఆనించి గొలుసుతో తాళం వేస్తాం, ఎందుకంటే ప్రమాదం మేం ఉన్నప్పటికంటే మేం వెళ్ళిపోయాక చిన్నపిల్లలు వచ్చి ఆడుకునేటప్పుడే ఎక్కువ. మా పిల్లలు కాదు కదా అనుకుంటే ఎలా, గోల్ మాదే కదా.

షిన్ గార్డ్స్ గురించి రెండు ముక్కలు. రూల్ ప్రకారం తప్పనిసరి. మా కుర్రాళ్ళు రిఫరీ చూస్తాడని సాక్సులో అట్టముక్కలు దూర్చుకుని వస్తుండేవాళ్ళు, ఒకడైతే రెండొందల పేజీల నోట్‌బుక్కు చింపి పెట్టుకున్నాడు. డబ్బుల్లేక చేసిన పని అది. క్లబ్ తరఫున పన్నెండు జతలు కొని ఉంచాం, అడిగినవాడికి అడిగినట్టు ఇస్తాం, అక్కడితో అయిపోయింది. వార్మప్పు కూడా అంతే, ఊరికే రెండు రౌండ్లు పరిగెత్తి షూట్ కొట్టుకోవడం మానేసి ఫిఫా వాళ్ళ 11 ప్లస్ అనే కసరత్తుల వరస చేయిస్తున్నాం, ఇరవై నిమిషాల పని. నార్వేలో టీనేజీ అమ్మాయిల క్లబ్బుల్లో దీన్ని పరీక్షించి చూస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2008లోనే తేలింది. మావాళ్ళకి బోరు కొడుతుంది, కొట్టనీండి.

గుండె ఆగిపోయే సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్, గోవా క్లబ్ డెంపో తరఫున ఆడుతున్న బ్రెజిల్ కుర్రాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టి, ఆ క్షణంలోనే గోల్‌కీపర్ని ఢీకొట్టి పడిపోయాడు, ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు. నేనా మ్యాచ్ టీవీలో చూశాను. పదహారున్నరేళ్ళ తర్వాత 2021 జూన్ 12న కోపెన్‌హేగన్లో యూరో మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే పడిపోయాడు. అదీ టీవీలోనే చూశాను. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి పక్కకి తిప్పి పడుకోబెట్టాడు, డాక్టర్లు వచ్చి ఛాతీ నొక్కారు, మెషీన్‌తో షాక్ ఇచ్చారు, మనిషి లేచి మాట్లాడాడు, మర్సటేడు ఫిబ్రవరికల్లా ప్రీమియర్ లీగ్‌లో మళ్ళీ దిగాడు. ఆ ఆటగాళ్ళు చుట్టూ గోడలా నిలబడి మొహాలు తిప్పుకుని ఏడవడం మర్చిపోలేను.

అదే మన గ్రౌండులో జరిగితే ఏం చేస్తామో మనకందరికీ తెలుసు. నీళ్ళు కొడతాం, నోట్లో నీళ్ళు పోస్తాం, చేతిలో తాళంచెవులు పెడతాం ఫిట్స్ అనుకుని, అరికాళ్ళు రుద్దుతాం, ఆటో కోసం అరుస్తాం. గుండె ఆగిన మనిషికి షాక్ అందకుండా, ఛాతీ నొక్కకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం దాకా పోతుందంటారు. అంటే మన తాళంచెవుల కార్యక్రమం అయ్యేసరికి అంతా అయిపోతుంది. షాకిచ్చే ఆ ఏఈడీ మెషీను మాలాంటి క్లబ్ కొనలేదు, ఒప్పుకుంటాను. గ్రౌండుకొకటి పెట్టమని నగరపాలక సంస్థని అడగాల్సింది మనందరం కలిసి. కానీ చేతులు మనవే కదా. మా టీములో ఒకబ్బాయి వాళ్ళమ్మ నర్సు, ఒక ఆదివారం వచ్చి గాలి సగం పోయిన పాత బంతి నేల మీద పెట్టి నేర్పించింది. మోచేతులు వంచకూడదు, అరచేతి మడమ, అంటే మణికట్టు పక్క భాగం, ఛాతీ మధ్యలో, ఐదారు సెంటీమీటర్లు లోపలికి దిగాలి, నిమిషానికి వందకి తగ్గకుండా నూట ఇరవైకి మించకుండా, నొక్కిన ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకి మా సెంటర్ ఫార్వర్డ్‌కి చెమటలు పట్టేశాయి, అప్పుడామె "చూశావా బాబూ, అందుకే ఇద్దరు ముగ్గురుండాలి, మార్చుకోవాలి" అంది. ఊపిరి లేదు, పిలిస్తే పలకడు అంటే మొదలెట్టేయడమే, తప్పు చేస్తామేమో అని ఆగకూడదు అని పదేపదే చెప్పింది. ఇప్పుడు మా క్లబ్‌లో పదహారేళ్ళు దాటిన ప్రతివాడికీ అది వచ్చు.

108కి ఫోన్ చేస్తే వస్తారు, ఆ నమ్మకం నాకుంది. వచ్చినవాళ్ళు లోపలికెలా వస్తారన్నదే నా బాధ. ఒకసారి వేరే క్లబ్ వాళ్ళ టోర్నమెంట్‌కి వెళ్ళాం, మోకాలు తిరిగిపోయిన కుర్రాడి కోసం అంబులెన్సు పిలిస్తే అది వచ్చి గేటు బయట నిలబడింది, గేటుకి తాళం, తాళం వాచ్‌మేన్ దగ్గర, వాచ్‌మేన్ టీకెళ్ళాడు. స్ట్రెచర్ చిన్న తలుపులోంచి పట్టలేదు. మోకాలు కాబట్టి సరిపోయింది. ఆ మర్నాడు నేను మా గ్రౌండుకెళ్ళి అవతలి పెనాల్టీ స్పాట్ నుంచి పెద్ద గేటు దాకా నడిచి టైము చూసుకున్నాను, మూడు నిమిషాల పది సెకన్లు, మనిషిని మోసుకుంటూ అయితే ఇంకెంతో. అందుకే మా దగ్గర ఒక అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి కిట్ బ్యాగు మూతకి అంటించాం: 108కి ఏ ల్యాండ్‌మార్క్ చెప్పాలి, ఏ గేటు, తాళం ఎవరి దగ్గర, వాళ్ళ నంబరు, గేటు దగ్గరకి పరిగెత్తాల్సింది ఎవరు. కంగారులో సొంత వీధి పేరు కూడా గుర్తురాదు మనిషికి, రాసుంటే చదవగలడు.

ఎండ, పిడుగు. వైజాగ్ ఎండని థర్మామీటరుతో కొలవలేం, ముప్పై నాలుగే కదా అంటారు, ఆ సముద్రపు ఉక్కకి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఫిఫా కూడా ఉత్త ఉష్ణోగ్రత కాకుండా తేమా ఎండా గాలీ కలిపి లెక్కకట్టి, అది 32 డిగ్రీలు దాటితే ఆట మధ్యలో నీళ్ళ విరామం ఇస్తూ వచ్చింది. మాకు ఆ మీటరు లేదు కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్న ఎనిమిదిన్నర తర్వాత, సాయంత్రం నాలుగున్నర ముందు బంతి బయటకి తీయం. ఎవడైనా తికమకగా మాట్లాడుతూ తూలుతుంటే, చెమట పడుతూ ఉన్నా సరే, వడదెబ్బే అనుకుని ముందు చల్లబరచాలి, ఆస్పత్రికి తర్వాత. ఫిషింగ్ హార్బర్లో పనిచేసే మా కుర్రాడొకడు వేసవి మ్యాచ్‌లకి చేపల థర్మాకోల్ పెట్టెలో ఐసు తెస్తాడు, తువ్వాళ్ళు అందులో ముంచి మెడకీ చంకలకీ తొడలకీ.

పోయిన మేలో ఒక ఫైనల్. సింహాచలం కొండ మీద మబ్బు నల్లగా లేచింది, ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది, చీఫ్ గెస్ట్ కుర్చీలో ఉన్నారు, కప్పులు బల్ల మీద సర్దేశారు. మెరుపు కనబడింది, మా సేఫ్టీ మనిషి, అంటే నేను చెప్పిన ఆ ఆడనివాడు, ఆ రోజుకి మా రిటైరైన పోస్ట్‌మేన్ బాబాయి, లెక్కపెట్టడం మొదలెట్టాడు, ఇరవై రెండుకి ఉరుము. ముప్పైలోపు వినబడితే పిడుగు పదికిలోమీటర్ల లోపలున్నట్టే, ఆపేయాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా గ్రౌండులోకి రాకూడదు. బాబాయి నేరుగా లోపలికి నడిచి మావాళ్ళని బయటకి పిలిచేశాడు. మేం గోల్ వెనకబడి ఉన్నాం, అందుకే నాటకాలాడుతున్నారని అవతలివాళ్ళు, "ఇంకా చినుకైనా పడలేదు కదండీ" అని నిర్వాహకులు, ఎంత గొడవో. చినుకు పడేదాకా ఆగితే ఏమవుతుందో 2024 నవంబర్లో పెరూలో చూశాం, రిఫరీ ఆట ఆపేశాడు, ఆటగాళ్ళు బయటకి నడుస్తున్నారు, ఆ నడకలోనే పిడుగు పడి ఒకాయన చనిపోయాడు. ఆపారు, కానీ ఆలస్యంగా. మేం షామియానా కిందకి కాదు, చెట్టు కిందకీ కాదు, బస్సులోకెక్కి అద్దాలు వేసుకుని కూర్చున్నాం. ఆ సాయంత్రం మా గ్రౌండు మీద పిడుగేం పడలేదు. వెలుతురు పోయింది, కప్పు వాళ్ళకిచ్చేశారు. మా కుర్రాళ్ళు బాబాయితో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను, మళ్ళీ అదే మబ్బొస్తే మళ్ళీ అదే పని చేయాలి.

చాలా క్లబ్బులు వీటన్నిటి బదులు ఒక ఫారం పెట్టుకుంటున్నాయి, "ఏ ప్రమాదం జరిగినా క్లబ్‌కి సంబంధం లేదు" అని పిల్లాడి చేత సంతకం. పద్దెనిమిది నిండనివాడి ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లనే చెల్లదు, అది పక్కన పెట్టినా, పిల్లల్ని మనకప్పగించిన తల్లిదండ్రులకి చూపించాల్సిన మొహమా అది? ఆ కాయితం మీద రాయాల్సింది వేరే: వీడికి ఉబ్బసం ఉందా, ఇన్‌హేలర్ బ్యాగులో ఏ అరలో ఉంది, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందు పడదు, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా గుండె ఆగి హఠాత్తుగా పోయారా, ఫోనెత్తేది అమ్మా లేక నాన్నా. ఈ వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, సేఫ్టీ మనిషి దగ్గర ఒక్క పుస్తకంలో ఉండాలి. ఇంకోటి, పిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, ఇందులో మొహమాటాలకి చోటే లేదు.

"ఆడనివాడు ఎవడు దొరుకుతాడు గురూ ప్రతి ఆదివారం" అని అడుగుతారు, ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. మాకు దొరకడం కష్టమే అయింది. దెబ్బ తగిలి రెస్టులో ఉన్న ఆటగాడు, ఒకబ్బాయి వాళ్ళ నాన్న, బాబాయి, ఆ నర్సమ్మగారు డ్యూటీ లేనప్పుడు, ఇలా ఆరుగురికి వంతులు వేశాం. ఆరెంజ్ వెస్టు వేసుకుంటారు, విజిల్ మెళ్ళో ఉంటుంది. ఎవరూ దొరకని రోజు మ్యాచ్ ఆడం, ఉత్త ప్రాక్టీసే. పోయినేడు అలా రెండు మ్యాచ్‌లు వదులుకున్నాం.

వచ్చే నెల ఇంకో టోర్నమెంట్‌కి పిలుపొచ్చింది. ఎంట్రీ ఫీజు కట్టేముందు నిర్వాహకులకి మూడు ప్రశ్నలు పంపాను: గోల్స్ నేలకి బిగించారా, కంకషన్‌కి అదనపు సబ్‌స్టిట్యూట్ ఒప్పుకుంటారా, పెద్ద గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది. "అన్నీ మేం చూసుకుంటాం లెండి" అని జవాబొచ్చింది. తాళం ఎవరి దగ్గరుంటుందో ఆయన పేరూ నంబరూ కావాలని మళ్ళీ రాశాను. నాలుగు రోజులైంది. కుర్రాళ్ళు రోజూ అడుగుతున్నారు వెళ్తున్నామా లేదా అని. నంబరొస్తే వెళ్తాం అని చెప్పాను.